పాకాల అడవిల పలికిన గొంతు

దయ్యం అని ఎవరన్న అంటే నాకు నవ్వొస్తది. పాకాల పక్క ఊర్ల పుట్టినోణ్ణి, నన్ను దయ్యాల కంటె దొరలే ఎక్కువ భయపెట్టిండ్రు. వల్లకాడు మీదికెల్లి ఒక్కణ్ణే ఎన్నిసార్లు నడిచిన్నో. ఏం కనవడలే. కానీ పట్టపగలు ఒకటి విన్న. దాన్ని ఇయ్యాలటికీ మింగలేను, కక్కలేను.

మొన్న మనుమలు పాకాల చెరువు చూడబోదామన్నరు. నీళ్లు, గుట్టలు, అడవి, మస్తుగుంటదట, ఎక్కడెక్కడి నుంచో వచ్చి చూస్తాండ్రట. మీరు పోయి రాండ్రి, ఆ అందం నేను ఎప్పుడో చూసిన అన్న.

నైజాం జమానల ఆ అడవి షికారుకే. పట్నం నుంచి పెద్దోళ్లు వస్తే ఇంట్ల ఉన్న మొగోళ్లంత వెట్టికి పోవాలె. మా ఇంట్లకెల్లి ఇద్దరం పోయేటోళ్లం, నేనూ మా అన్న ఐలయ్య. వరుసగ నిలవడి, డప్పులు డబ్బాలు కొట్టుకుంట జంతువులను దొరలు తుపాకులతోటి కూసున్న మంచె దిక్కు తోలుడు మా పని. హాకా అనేటోళ్లు.

అడవిల ఎవరి పేరూ పిలువొద్దు. పేరు అడవి వింటే మనిషిని ఉంచుకుంటదని పెద్దలు చెప్పేటోళ్లు. అందుకే మనుషుల లెక్కకు పేర్లుండవు. జమాదారు కేకేస్తే చెరువు కొస నుంచి ఒక్కొక్కరు "ఓ" అనాలె. ఒక్క "ఓ" తక్కువైతే, తప్పిపోయినోని పక్కోనికి కొరడా దెబ్బలు. అన్న పక్కోణ్ణి నేనే.

ఆ దినం అన్నకు చలిజ్వరం. పొద్దుగాల అమ్మ పటేలు కాళ్లు మొక్కింది. లేవగలిగినోడు నడవగలుగుతడు అన్నడాయన. వాని నోట్ల మన్నువడ.

పగటియాళ్లకు అన్న ఒక మద్దిచెట్టు కింద కూలవడ్డడు. చలికి పండ్లు టకటక కొట్టుకుంటానయి. "తమ్మీ, జర కూసుంట. లెక్కకు నా వంతు గూడ నువ్వే అను" అన్నడు. ఆయన కోసం అట్ల అనుడు నాకు అలవాటే. కల్లు తాగి పండినప్పుడు గూడ నేనే అనేటోణ్ణి. నా వంతు నా గొంతుతోటి, ఆయన వంతు గొంతు లావు చేసి అన్న. లెక్క సరిపోయింది. మమ్ముల ముందుకు తోలిండ్రు.

సాయంత్రం లెక్క ఆ మద్దిచెట్టుకు కోసెడు దూరంల, గుట్ట అవుతల. ఇంకా ఎండ ఉన్నది. నేను మనసుల గట్టిగ అనుకున్న: ఈసారి అనను. దెబ్బలు తింట, అన్న తప్పిండని చెప్త, అందరం పోయి తోలుకొస్తం. నోరు మూసుకొని నిలవడ్డ.

వరుస మా దిక్కు వచ్చింది. అన్న వంతుల "ఓ" వినవడ్డది.

నా కుడిచెయ్యి పక్కకెల్లే. జ్వరంతోటి బొంగురువోయిన గొంతు. చూస్తే పొదలే ఉన్నయి. ఎట్లనో నడిచొచ్చిండు, ఎనుక ఉన్నడు అనుకొని, పానం నిమ్మళమై నా "ఓ" నేనన్న. లెక్క ముగిసింది. మందిల కలిసి వస్తాండనుకొని ఇంటిబాట పట్టిన.

ఇంటికి వస్తే అన్న లేడు. ఎనుకకు ఉరికిన. లెక్క సరిపోయింది గదా అని జమాదారు అడవి దారికి అడ్డం నిలవడ్డడు. తెల్లారి పోతే, ఆ మద్దిచెట్టు కిందనే, కూసున్నోడు కూసున్నట్టే ఉన్నడు. మొఖం నిండ చీమలు. ఒళ్లె రాలిన పండుటాకులు రాలినట్టే ఉన్నయి. అక్కడికెల్లి ఆయన లేవనే లేదు.

ఆ "ఓ" అన్న జాగకు అవుతల నిలవడ్డ మనిషి గూడ విన్నడు. నేనే అన్ననని ఆయన చెప్పిండు, ఊరు ఊరంత నమ్మింది. అమ్మ ఏడ్వలే. "నువ్వే అన్నవు బిడ్డా. ఎప్పుడూ నువ్వే గదా అనేది" అన్నది.

తర్వాత వరంగల్ వచ్చి మగ్గం మీద కూసున్న. అమ్మ నా తాననే ఉన్నది, కానీ సచ్చేదాక పిలిస్తే "ఓ" అననియ్యలే. "వస్తాన" అనాలె.

పగటియాళ్ల అన్నది నేనే. ఆ పాపం నాదే, ఒప్పుకుంట. సాయంత్రం అన్నది నేను కాదు. ఎవలో నాకు తెల్వది. అన్నే అయితే, తోలుకపొమ్మని ఎందుకు పిలువలే? ఆ పానం పోయే యాళ్ల గూడ, నా ఈపు మీద దెబ్బ పడొద్దని లెక్క సరిచేసిండా?

ఆ దెబ్బలేవో తినేటోణ్ణి, అన్నా.