పెద్దకోర్టులో నేను విన్న తీర్పు

ఒక పూట పాటు మా జిల్లా మొత్తానికి న్యాయం చేసిన మనిషిని నేను. నల్లకోటు లేకుండా, ఏ పదవీ లేకుండా, ఏడో తరగతిలో ఆగిపోయిన చదువుతో. ఆ పూట దాటాక ఏమైందని మాత్రం అడక్కండి. అడక్కపోయినా చెప్తాననుకోండి, నా జబ్బే అది. ఆ న్యాయం దెబ్బకి మా మేనకోడలు ఉన్న ఉద్యోగం పోగొట్టుకుంది. మా అన్నయ్య నిండు వేసవి దాకా మొహానికి మఫ్లర్ చుట్టుకుని ఊళ్ళో తిరిగాడు.

మా మేనకోడలి పేరు సునంద. అన్నయ్యకి ఒక్కతే కూతురు. లెక్కలు చెప్తుంది. కొన్నేళ్ళ కిందట మా రాష్ట్ర ప్రభుత్వం ఒక చట్టం చేసింది. ఏ జిల్లా బడుల్లో టీచరు ఉద్యోగాలు ఆ జిల్లా వాళ్ళకే అని. పరీక్ష పెట్టారు, సునంద నెగ్గింది, కొత్త చెప్పులు కూడా కొనుక్కుంది. రేపో మాపో చేరుతుందనగా ఎవరో హైకోర్టుకి వెళ్ళారు. ఆ చట్టం చెల్లదంది కోర్టు. ప్రభుత్వం ఊరుకుంటుందా? అదే చట్టానికి వేరే చీర కట్టి మళ్ళీ అసెంబ్లీలో నిలబెట్టింది. కోర్టు దాన్నీ ఆపింది. "చట్టాలు చేసేది మేమా, మీరా?" అని మంత్రులు మైకుల ముందు ఊగిపోయారు. "చేసేది మీరే, సరిగ్గా ఉందో లేదో చూసేది మేం" అని కోర్టు. ఒకే పొయ్యి దగ్గర అత్తాకోడళ్ళు నిలబడి ఒకరు మంట పెంచుతూ ఒకరు తగ్గిస్తూ ఉంటే పైనున్న పాలగిన్నె ఏం కావాలి చెప్పండి? ఆ పాలగిన్నె మా సునంద.

ఆ గొడవ తెమిలేదాకా పక్క టౌనులో ఒక ప్రైవేటు బడిలో చేరింది. అక్కడ టీచరుకి క్లాసులో కుర్చీ ఉండదు. కూర్చుంటే పాఠం చెప్పరని ఆ ప్రిన్సిపాల్ మేడమ్ గారి సిద్ధాంతం. సాయంత్రమయ్యేసరికి ఆ పిల్ల కాళ్ళు పొంగిన పూరీల్లా ఉండేవి.

చివరికి గొడవ ఢిల్లీలో పెద్దకోర్టుకి వచ్చింది. నేనుండేదీ ఢిల్లీలోనే. ఆర్.కె. పురంలో గవర్నమెంటు క్వార్టరు, మా ఆయన సెంట్రల్ గవర్నమెంటులో చిన్న ఉద్యోగం. ఇక నా సంగతి. చదువు అబ్బలేదు గానీ దేవుడు జ్ఞాపకం ఇచ్చాడు. ఎవరి పెళ్ళిలో ఎవరు ఏ చీర కట్టారో, భోజనాల దగ్గర ఎవరు ఎవర్ని ఏమన్నారో, పొల్లు పోకుండా చెప్తాను. మా బంధువుల్లో తగువు వస్తే నాకే ఫోను చేస్తారు. అందుకే విచారణ అనగానే అన్నయ్య ఫోను.

"చెల్లాయ్, నువ్వు అక్కడుండగా మాకు టీవీ ఎందుకే? వెళ్ళి విను. విన్నది విన్నట్టు చెప్పు."

పక్కనుంచి మా ఆయన కల్పించుకున్నారు. "బావగారూ, అక్కడంతా ఇంగ్లీషండీ. ఈవిడకేం అర్థమవుతుంది?"

"మా చెల్లాయికి భాషతో పనేంటి బావగారూ? చిన్నప్పుడు హిందీ పాట ఒక్కసారి వింటే ముక్క అర్థం కాకుండానే మొత్తం పాడేసేది."

ఆ పొగడ్తతో నా తల మా క్వార్టరు సీలింగుకి తగిలింది. మా పైఇంట్లో ఆఫీసరుగారబ్బాయి కిరణ్ ఉన్నాడు. ప్రభుత్వం తరఫు పెద్ద లాయరు దగ్గర జూనియరు. వాణ్ణి పట్టుకుని లోపలికి వెళ్ళే పాసు సంపాదించాను.

ఆ రోజు జనవరి పొగమంచు. ఎదురింటి మేడ కూడా లేదు, ఎవరో చెరిపేసినట్టు. ఆటో ఆ తెల్లటి దాంట్లో ఈదుకుంటూ పోతుంటే ముందు రోడ్డుందో లేదో ఆటో నడిపే భయ్యాకే తెలియదు. నేను శాలువా కప్పుకుని, ఒళ్ళో పులిహోర డబ్బా పెట్టుకుని, నిద్రలో నడుస్తున్నట్టే కోర్టుకి చేరాను. ముందు రాత్రి ఉత్సాహంతో కన్ను మూయలేదు లెండి.

గేటు దగ్గర సెక్యూరిటీ అమ్మాయి ఆపింది. "దీదీ, డబ్బా అందర్ నహీ జాయేగా."

"ఖాలీ పులిహోర హై బేటీ."

"కుఛ్ భీ హో దీదీ, నహీ జాయేగా."

ఇంగువ వేసి, పల్లీలు వేయించి చేసిన పులిహోర. మధ్యాహ్నం నాకూ కిరణ్‌కీ అని చేసింది. పారేయడానికి చేతులు రాలేదు. అప్పుడే మంచు విడిపోయి ఎండ వచ్చింది. ఆ ఎండలో గోడకి ఆనుకుని మొత్తం తినేశాను. ఇద్దరి పులిహోర, ఒక్క పొట్ట. ఈ ముక్క కాస్త గుర్తుపెట్టుకోండి, నా తరఫు సాక్ష్యం ఇదొక్కటే.

అంతలో కిరణ్ వచ్చాడు. ఫోను కౌంటర్లో ఇచ్చి లోపలికి వెళ్ళాం. కిరణ్ నన్ను వెనక కుర్చీలో కూర్చోబెట్టి, "ఆంటీ, లోపల మాట్లాడకూడదు. అయిపోయాక గేటు దగ్గర ఉండండి, నేనొస్తాను" అని చెప్పి ముందుకెళ్ళిపోయాడు. హాలంతా వెచ్చగా ఉంది. కుర్చీ మెత్తగా ఉంది. ఎత్తున ఇద్దరు జడ్జీలు, కింద లెక్కలేనన్ని నల్లకోట్లు.

మొదట ఇంగ్లీషే. పెంకుటింటి మీద సన్నటి వానలా ఆగకుండా పడుతూ ఉంది. కళ్ళు మూసుకుంటే చెవులు బాగా పనిచేస్తాయి నాకు. అందుకని మూశాను. ఆశ్చర్యం చూడండి, కాసేపటికి ఆ ఇంగ్లీషు దానంతటదే మెత్తబడింది. చలికి గడ్డకట్టిన కొబ్బరినూనె సీసా ఎండలో పెడితే కరిగినట్టు, కరిగి కరిగి తెలుగైపోయింది.

బయటి పొగమంచు కిటికీలోంచి మెల్లగా లోపలికొచ్చి లాయర్ల మోకాళ్ళ దాకా నిలిచింది. నల్లకోట్లన్నీ అందులో నీటికాకుల్లా తేలుతున్నాయి. ఎక్కణ్ణుంచో నారింజ తొక్క వాసన. నాకేం వింతగా అనిపించలేదు. ఢిల్లీ జనవరిలో ఏదైనా జరుగుతుంది.

జడ్జీల్లో పెద్దాయన కళ్ళజోడు తీసి శాలువా అంచుతో తుడుచుకున్నారు.

"ఏవయ్యా ప్రభుత్వం, కోర్టు వద్దన్నాక వినాలా, వద్దా?"

"వినాలండి" అంది ప్రభుత్వం, తల వంచుకుని.

"ఏవమ్మా హైకోర్టూ, పిల్లలకేదో ఉద్యోగం ఇస్తానంటున్నాడు, కాస్త ఓర్చుకోవాలా, వద్దా?"

"ఓర్చుకోవాలండి."

"మీరూ మీరూ మాటామాటా అనుకుంటూ కూర్చుంటే మధ్యలో ఆ ఆడపిల్ల ఎన్నాళ్ళు నిలబడుతుంది? సోమవారం నుంచి సునందని బళ్ళో చేర్చుకోండి. కుర్చీ వేయండి. చేతులున్న కుర్చీ సుమా." అని ఆయన నా వైపు తిరిగారు. "విన్నావుగా అమ్మా? అన్నయ్యకి చెప్పు."

అంతలో కుర్చీలన్నీ ఒక్కసారి కిర్రుమన్నాయి. అందరూ లేచి నిలబడ్డారు, నేనూ లేచాను. జడ్జీలు లోపలికి వెళ్ళిపోయారు. నా గుండెలో బాజాలు. కిరణ్ కోసం చూడ్డానికి కూడా ఓపిక లేదు, కౌంటర్లో ఫోను తీసుకుని గేటు బయటికొచ్చి అన్నయ్యకి కొట్టాను.

"అన్నయ్యా, గెలిచాం! సోమవారం నుంచి బడి!"

"ఆగాగు, స్పీకరు పెడతాను. ఇక్కడ పరీక్ష నెగ్గిన పిల్లలంతా మనింట్లోనే ఉన్నారు. మొదటి నుంచి చెప్పు."

చెప్పాను. ప్రభుత్వం తల వంచడం, హైకోర్టు ఓర్చుకోవడం, కళ్ళజోడు తుడుచుకోవడం, అన్నీ. ఆయన గొంతులోనే చెప్పాను. అవతల ఈలలు, చప్పట్లు.

"ఒసే, టీవీలో మాత్రం వాయిదా పడిందని వేస్తున్నారే?" అన్నాడు అన్నయ్య.

నాకు కోపమొచ్చింది. "టీవీవాడు లోపలున్నాడా, నేనున్నానా?"

"అదీ నిజమే. ఒరేయ్, టీవీ కట్టెయ్యండిరా!"

ఆ పిల్లల్లో ఎవరో నా మాటల్ని రికార్డు చేసి వాట్సాప్ గ్రూపులో పెట్టారట. పావుగంటలో నా గొంతు జిల్లా అంతా తిరిగింది. టీ కొట్ల దగ్గర పెద్దకోర్టు తీర్పు నా యాసలో మోగింది. మా ఊరి ఎమ్మెల్యే గారు కుర్చీ ఎక్కి మాట్లాడారు. అన్నయ్య మైసూర్‌పాక్ పంచాడు.

ఇక్కడ గేటు దగ్గరికి కిరణ్ వచ్చాడు, మొహం వేలాడేసుకుని.

"సారీ ఆంటీ. వచ్చే నెలకి వాయిదా వేశారు."

"అదేంటి నాయనా, తీర్పు చెప్పారుగా?"

"ఎవరు?"

"పెద్ద జడ్జిగారు. చేతులున్న కుర్చీ వేయమని కూడా అన్నారు."

కిరణ్ నన్ను కిందనుంచి పైదాకా చూశాడు. చాలా నెమ్మదిగా అడిగాడు. "ఆంటీ, ఏ భాషలో అన్నారు?"

"తెలుగులో."

"ఆ ఇద్దరికీ తెలుగు రాదాంటీ."

ఇద్దరి పులిహోర, మెత్తటి కుర్చీ, మూసిన కళ్ళు, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. ఎండ, గేటు, ఆటోలు అన్నీ మళ్ళీ మంచులోకి వెళ్ళిపోయినట్టనిపించింది. నా జ్ఞాపకం మీద ఇప్పటికీ ఎవరూ వేలెత్తి చూపలేరు. ఒక్క అక్షరం కల్పించలేదు. కలలో విన్నది విన్నట్టే చెప్పాను.

వెంటనే సునందకి ఫోను చేశాను. "అమ్మలూ, నువ్వు బళ్ళోనే ఉన్నావా?"

"లేనత్తా! మానేసొచ్చేశాను!" దాని గొంతు గాల్లో తేలుతోంది. "మేడమ్ దగ్గరికెళ్ళి, మీ కుర్చీలో మీరే కూర్చోండి, నాకు సుప్రీంగా ఇంకోటి వేస్తున్నారు అని చెప్పేశాను. ఇన్నాళ్ళూ కడుపులో ఉన్నదంతా కక్కేశానత్తా. స్టాఫ్ రూమంతా చప్పట్లు కొట్టారు."

"ఇంకోసారి వెళ్ళి... కొంచెం మింగెయ్యడానికి వీలవుతుందా తల్లీ?"

సంగతి చెప్పాను. ఏడ్చినా బావుండేది, తిట్టినా బావుండేది. "సర్లే అత్తా" అని పెట్టేసింది. ఇన్నేళ్ళలో నేను విన్న మాటల్లో ఆ "సర్లే" కంటే బరువైంది లేదు.

మేడమ్ గారు మళ్ళీ రానివ్వలేదు. ఊళ్ళో ఉంటే కనబడినవాడల్లా తీర్పు సంగతి అడుగుతున్నాడని సునంద నా దగ్గరికి వచ్చేసింది. నన్ను ఒక్క మాట అనలేదు. పొద్దున్నే క్వార్టరు మిద్దె మీద ఎండలో చాప పరుచుకుని చుట్టుపక్కల పిల్లలకి లెక్కలు చెప్పేది. "దీదీ, యే వాలా నహీ ఆతా" అని లెక్క రాక వాళ్ళు, "ఆయేగా నాన్నా, ధీరే ధీరే" అని ఇది. నేను మెట్ల మీద కూర్చుని బఠాణీలు వలుస్తూ ఆ గొంతు వినేదాన్ని. పొగమంచు పోయింది. బూరుగు పూలు రాలాయి. అయినా వాయిదాలు తెమల్లేదు.

చివరికి తీర్పు రోజు వచ్చింది. సునంద వెళ్తానంది, నేనూ తోడొస్తానన్నాను. "కూర్చోనివ్వకు అత్తయ్యని, నిలబెట్టే ఉంచు" అన్నారు మా ఆయన. ఆ రోజు పచ్చి మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు నేను. లోపల నా చేతిని నేనే గిల్లుకుంటూ కూర్చున్నాను, నల్లగా కమిలిపోయేదాకా. జడ్జిగారు చదువుతున్నారు, చదువుతున్నారు. ఆ ఇంగ్లీషు వాన కరగలేదు, తెలుగు కాలేదు. ఉన్నట్టుండి సునంద నా మణికట్టు పట్టుకుంది. ముందు వరసలో కిరణ్ వెనక్కి తిరిగి పళ్ళన్నీ కనబడేలా నవ్వాడు.

బయటికొచ్చాక వాడే చెప్పాడు. చట్టం మీద కోర్టూ ప్రభుత్వం ఇంకా తేల్చుకోవాల్సింది ఉందట గానీ, పరీక్ష నెగ్గిన పిల్లల జోలికి పోవద్దని, వాళ్ళని చేర్చుకోమని అన్నారట. సునందకి ఏడుపు ఆగట్లేదు, ఫోను నా చేతిలో పెట్టింది.

"అన్నయ్యా, గెలిచాం."

ఈసారి అన్నయ్య స్పీకరు పెట్టలేదు. "పొద్దున్నేం తిన్నావు?"

"ఏమీ తినలేదు. ఒట్టు."

"కూర్చున్నావా? కళ్ళు మూశావా?"

"కూర్చున్నాను గానీ కళ్ళు మూయలేదన్నయ్యా, గిల్లుకుంటూనే ఉన్నాను."

"సరే, జడ్జిగారు ఏమన్నారో ఆయన మాటల్లో చెప్పు."

"ఏమో అన్నయ్యా! ఇంత సేపు చదివారు గానీ నాకు ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు."

ఫోను అవతల మా అన్నయ్య ఒక్క కేక పెట్టాడు. "అయితే నిజమేనే! ఒరేయ్, మైసూర్‌పాక్ తెప్పించండిరా!"

అందుకని పెద్దలందరి ఎదుటా, సెక్యూరిటీ దీదీ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక మీదట ఏ కోర్టులో గానీ, ఏ అసెంబ్లీలో గానీ నాకు అర్థమైన మాట ఒక్కటి కూడా ఎవరికీ చెప్పను గాక చెప్పను.