కరగని తలనొప్పి బిళ్ళ

మా అక్క మొగుడు, అంటే మా బావ, అనకాపల్లిలో బెల్లం వ్యాపారి. 1960ల్లో ఆయనకు తలనొప్పి బిళ్ళలు చేద్దామని బుద్ధి పుట్టింది. గోదాములో సగం ఖాళీ చేయించి మిషను పెట్టాడు. కెమిస్ట్రీ చదివానని నన్ను పనిలోకి పిలిచాడు. ఆ మిషను మూలపడితే నేను మళ్ళీ ఉద్యోగం వెతుక్కోవాల్సిందే.

బిళ్ళలో మందుతో పాటు రెండు పొడులు కలుపుతాం. తుమ్మబంక పొడి బిళ్ళను విరగకుండా పట్టి ఉంచుతుంది. మొక్కజొన్న స్టార్చి నీళ్ళు తగలగానే ఉబ్బి, బిళ్ళను లోపలినుంచి విడగొడుతుంది. బంక ఎక్కువైతే స్టార్చి ఆటలు సాగవు. ఇది మా బావకు ఎన్నిసార్లు చెప్పానో! ఆయన బుర్ర నిండా బెల్లమే. దిమ్మ ఎంత గట్టిగా ఉంటే అంత మంచి సరుకని ఆయన లెక్క.

బిళ్ళను గచ్చు మీద విసిరికొట్టేవాడు. విరిగితే, "ఇంకొంచెం బంక ఎయ్యి బావా" అని నాతో అనేవాడు. నేను వెయ్యకపోతే, నేను భోజనానికి వెళ్ళినప్పుడు తనే వేసేవాడు. వానాకాలంలో ఆ బంక పొడి చెమ్మ పీల్చి ముద్దకట్టి, మిషను గరాటులోంచి కిందికి జారేది కాదు. అప్పుడు చెప్పు తీసి గరాటును బాదేవాడు. మందు చేసే మిషనును చెప్పుతో కొడుతుంటే నాకు ఒళ్ళు మండిపోయేది.

ఒకరోజు పాయకరావుపేట నుంచి ఒక డాక్టరుగారు బేరానికి వచ్చారు. సరుకు నచ్చితే ఆయన ఆసుపత్రికంతా మా బిళ్ళలే. ఆయన ఒక బిళ్ళను గ్లాసు నీళ్ళలో వేసి కూర్చున్నారు. కాఫీ తాగారు. పేపరు చదివారు. మా అక్క బలవంతం మీద భోంచేసి, మడతకుర్చీలో కునుకు తీసి లేచారు. బిళ్ళ గ్లాసు అడుగున అలాగే ఉంది.

మా బావ మీసం తిప్పాడు. "సూసేరా డాట్రుగారూ, సెక్కు సెదర్లేదు."

"నీళ్ళలోనే కరగనిది కడుపులో ఏం కరుగుతుందండీ?" అని డాక్టరుగారు మెల్లగా చెప్పులు వేసుకున్నారు.

ఆయన వెళ్ళాక బావ అరుగు మీద కూలబడి తల పట్టుకున్నాడు. "తల పగిలిపోతంది బావా, ఏదైనా ఉంటే ఇయ్యి."

గోదాము నిండా ఉన్నవి తలనొప్పి బిళ్ళలే. ఒకటి తీసి ఆయన చేతిలో పెట్టాను. ఆయన బిళ్ళను చూశాడు, గ్లాసును చూశాడు, నన్ను చూశాడు.

"ఒద్దులే," అన్నాడు. "మీ అక్కని శొంఠి అరగదియ్యమను."

కాసేపటికి నుదుట శొంఠి పట్టుతోనే లేచి వచ్చి, బంక డబ్బా తెచ్చి నా ముందు పెట్టాడు. "ఇకనుంచి నువ్వే ఎయ్యి. డాట్రుగారి దగ్గరికి మళ్ళీ ఎల్దాం. ఈసారి కరిగీవి సెయ్యి."