దేవుడి గదిలో సొరమొక్క

మా మనవరాలు వంటగది కిటికీలో ప్లాస్టిక్ గ్లాసు పెట్టి, అందులో టమేటా విత్తు నాటి, పొద్దున లేచీ, బడికి పోతూనూ, వచ్చాకానూ దానికి నీళ్ళు పోస్తున్నది. అది జానెడు సాగి, దారప్పోగంత సన్నబడి, ఎదురింటి గోడ తప్ప ఏమీ కనబడని ఆ కిటికీ వైపు మెడ చాచుకొని నిలబడింది. ఆ పొడుగు చూసి పిల్లకు ఎంత మురిపెమో! నాకు మాత్రం కాలు నిలవడం లేదు. పొద్దుటి నుంచి నాలుగుసార్లు లేచి వెళ్ళి చూసి వచ్చాను. మోకాళ్ళు మొరాయిస్తున్నా ఈ తిరుగుడు తగ్గలేదని మా కోడలు నవ్వుతుంది. నా ఈడు వాళ్ళయితే నవ్వరు. అట్లాంటి పొడుగును చూసి మురిసిపోయే తప్పు నేను తొమ్మిదేళ్ళ వయసులోనే చేశాను.

మాది ఆదోని, నాయనది పత్తి వ్యాపారం. రెండో ప్రపంచ యుద్ధం ఇంకా రాని రోజులవి. ఆ ఏటి చలికాలంలో ఎమ్మిగనూరులో మా అవ్వ, అమ్మను కన్నతల్లి, పోయింది. కర్మలు ముగించుకొని వచ్చిన అమ్మ కొంగుకొసన ముడివేసి తెచ్చుకున్నది ఐదు సొరవిత్తులు మాత్రమే. ఏటా అవ్వ మిద్దె మీదికి పాకే తీగ తాలూకు విత్తులు. ఆ మిద్దె పరాయివాళ్ళ పాలైంది, తీగను వాళ్ళు పీకి పారేశారు. అమ్మ కంటతడి పెట్టలేదు గానీ మాట తగ్గించేసింది, అన్నం ముందు కూర్చొని మరిచిపోయేది. ఉగాది వెళ్ళాక ఒకరోజు ఆ విత్తులు నా చేతిలో పోసి, నీ హస్తవాసి మంచిది, నువ్వే నాటు అన్నది.

అంత నమ్మకానికి తగిన పిల్లను కాను నేను. ఒక కుండలో మట్టి పోసి నాటిన మరునాటి నుంచే మొలిచిందా లేదా అని మట్టి తవ్వి చూసేదాన్ని, చూసి మళ్ళీ కప్పేదాన్ని. అట్లా నాలుగు విత్తులు నా వేళ్ళ కిందనే నాశనమయ్యాయి. ఐదోది ఎట్లాగో నా కన్నుగప్పి మొలిచింది. ఇక దాన్ని ఎండకూ మేకలకూ వదిలే ధైర్యం లేక, కుండతో సహా దేవుడి గదిలోకి చేర్చాను. అక్క పెళ్ళికి పాలికల్లో, ఆ మట్టి మూకుళ్ళలో, నవధాన్యాలు మొలిపించింది ఆ గదిలోనే గదా. పూటపూటకూ నీళ్ళు చల్లితే ఆ మొలకలు చీకట్లో పసుపుపచ్చగా, పొడుగ్గా లేచి అందరి మెప్పూ పొందాయి. పెంచడమంటే అదేననుకున్నాను. మా మట్టిమిద్దె కప్పుకు వెలుతురు కోసం వదిలిన గవాచి ఒక్కటే, దానిలోంచి దిగే వెలుగు అరచేతి మేర. దాని వైపే సొరమొలక మూరెడు సాగింది. నాయనమ్మ చూసి పాలికల మొలకలా శుభంగా ఉందన్నది, అమ్మ రోజూ గడప దగ్గర నిలబడి చూసి పోయేది, నేను కుదురుగా కూర్చోలేనప్పుడల్లా లేచి ఒక చెంబు పోసేదాన్ని. పాలికల మొలకలు నాలుగు రోజులు నిలిస్తే చాలు, ఆపైన నీళ్ళలో కలిపేస్తారు. ఇది బతకవలసిన మొక్క అన్న తేడా నా బుర్రకు తట్టలేదు.

ఒక ఉదయం చూద్దును గదా, అది కుండ అంచు మీదికి వాలిపోయి ఉంది. ఆకులు పాలిపోయాయి, మట్టి పులిసిన వాసన వేస్తున్నది. అమ్మ పూజకు వచ్చే వేళయింది. కాలు కాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగి, చివరికి కుండను పావడా చాటున పెట్టుకొని దొడ్లోకి పరుగెత్తాను. అక్కడ పత్తిలో చెత్త ఏరే ఆడవాళ్ళలో కౌతాళం వైపు నుంచి వచ్చిన ఒకామెకు చేను పనులన్నీ తెలుసు. మావాళ్ళు గడప తొక్కనివ్వని కులం ఆమెది. ఆమె ముట్టిన వస్తువు మళ్ళీ ఇంట్లోకి రాదు. అందుకని దూరంగా నిలబడే చూపించాను.

"నీల్లు సాలక కాదు పాపా, ఎక్కువై సస్తాంది," అన్నది. "బలమొచ్చి పెరిగిందనుకుంటివా? ఎలుతురు యాడుందో అని దేవులాడుకుంటా ఇంత పొడుగు పోయింది."

ఎట్లా చెయ్యాలో చెప్పింది గానీ నేను కుండను వదలక ఇంటి గడప వైపే చూస్తున్నాను. ఆమె ఒక్క క్షణం నా ముఖం చూసి, కుండను నా చేతుల్లోంచి లాక్కున్నది. వంచితే నల్లటి నీళ్ళు కారాయి. అడుగు చిల్లిపడిన పాత కుండలో ఎండుమట్టి, బూడిద, మేకల ఎరువు కలిపి పోసి, ఆ పొడుగు కాడను అందులో చుట్టగా పడుకోబెట్టి, ఆకుల కిందిదాకా మన్ను కప్పింది. కాడకు మన్ను తగిలిన చోటల్లా వేరు వేస్తుందట. పైన చిరిగిన గంప బోర్లించి, లేత ఎండ మొదలు రోజురోజుకూ కాస్త ఎక్కువసేపు గంప తీసి చూపించమన్నది. "మూడు దినాలు నీల్లు పోయొద్దు, సేతులు కట్టేసుకో పాపా," అన్నది.

అంతలో నాయనమ్మ చూడనే చూసింది. ఆ పత్తి ఏరే ఆమెను తిట్టిన తిట్లు దొడ్డంతా వినిపించాయి. నాకు తలస్నానం చేయించారు. ఆ కుండ గడప దాటి లోపలికి రాకూడదన్నారు. నేను ఏడ్చి మొత్తుకున్నాను. ఎండలో అది చచ్చిపోతుందనీ, అమ్మకు ముఖం చూపించలేననీ ఒకటే భయం. ఆ మూడు రోజులూ చెంబు తీసి పెట్టి, తీసి పెట్టి, గంప చుట్టూ తిరిగాను. నాలుగో రోజు గంప ఎత్తితే ముదురు పచ్చటి ఆకు ఒకటి, చేతికి నూగునూగుగా తగులుతూ, కొత్తగా విచ్చుకొని ఉంది.

వానలు పడ్డాక తీగ మా మిద్దె ఎక్కింది. మొదటి కాయ మీద చెయ్యి వేసి అమ్మ అప్పుడు ఏడ్చింది, అవ్వ పోయిన ఇన్ని నెలలకు. ఆ కాయ కూర అందరూ తిన్నారు. నాయనమ్మ మారు కూడా అడిగింది. తీగ ఎవరు ముట్టిన కుండలోదో ఆ మాట ఎవరూ ఎత్తలేదు, నేను గుర్తు చెయ్యలేదు.

రెండో కాయ ఆ పత్తి ఏరే ఆమెకిమ్మని అమ్మ నన్ను పంపింది. ఆమె నవ్వి, "ఆ పొద్దు నేను ముట్టకపోతే మల్లా సీకట్లోకే తీసకపోతాంటివి గదా," అన్నది. తిట్లు తప్పవని తెలిసే ముట్టుకుందని అప్పటికి గానీ నాకు తెలియలేదు. తెలిసి నేను చేసిందేమిటి? ఆమె తన కొంగు చాచి పట్టింది. నాకు నేర్పిన ప్రకారం, చెయ్యి తగలకుండా, కాయను పైనుంచి అందులోకి వదిలాను.

ఇందాక గ్లాసు తీసి లేత ఎండ తగిలే మెట్ల దగ్గర పెట్టాను. మనవరాలికి మడి, మైల అన్న మాటలే తెలియవు. అందుకు సంతోషమే. ఆ మిద్దెలు పోయాయి, గవాచులు పోయాయి, ఆ గడపలూ పోయాయి. ఇప్పుడైతే ఆ కాయను రెండు చేతులా ఆమె చేతుల్లోనే పెట్టి ఉందును. కానీ ఆమె ఎక్కడున్నదని వెతకను, పేరైనా అడగలేదే నేను.