ఒకే క్యాసెట్‌లో ఇద్దరం

నాకు రాయడం యాభై ఎనిమిదో ఏట వచ్చింది. చిన్నప్పుడు తమ్ముళ్లను ఎత్తుకోవడానికి నన్ను బడి మాన్పించారు. పెళ్లయ్యాక మా ఆయన కువైట్ పోయాడు. ఆయనకూ చదువు లేదు. ఉత్తరమంటే జమ్మలమడుగులో ఎవరినో బతిమాలాలి, మా ఇద్దరి మాటలు మూడో మనిషి చెవిన పడాలి. అందుకని క్యాసెట్ పంపుకున్నాం. ఆయన మాట్లాడి, ఊరికొచ్చేవాళ్ల చేతికిచ్చేవాడు. నేను నాలుగైదు సార్లు విని, దాని మీదే నా మాటలు ఎక్కించి తిప్పి పంపేదాన్ని. ఆయన గొంతును నేను చెరిపేదాన్ని, నా గొంతును ఆయన.

ప్రొద్దుటూరులో ఆ క్యాసెట్ అమ్మినాయన చెప్పాడు. "అంచున రెండు బిళ్లలుండాయి సూడమ్మా. ఇరిచేస్తే దాని మింద మళ్ల ఏం ఎక్కదు." మేం విరవలేదు. విరిస్తే బదులెలా పంపుకుంటాం?

చివరిసారి నేను మాట్లాడి, ఇంకా పంపకముందే ఆయన చనిపోయిన కబురు వచ్చింది. క్యాసెట్ కొసన, నా మాటలు అయిపోయిన చోట, ఆయనవి ఒక దగ్గు, రెండు ముక్కలు మిగిలాయి.

పోయిన నెల, బొమ్మలు వేయడం చదువుతున్న మనవరాలు వచ్చింది. కాలేజీ ప్రదర్శనకు పాత రేడియోలతో, టేపులతో గోడంత బొమ్మ కడుతోందట.

"అవ్వా, ఆ క్యాసెట్ ఇయ్యి. రీలు పీకి తాత మొకం అల్లుతా."

"పీకితే ఆయన గొంతు యాడుంటాదే?"

"ఫోన్‌లో ఉంటాది. ఆ రెండు ముక్కలతోనే తాతను ఎంతసేపైనా మాట్లాడిస్తా."

"సచ్చినోళ్లను పిల్చే పని నీకెవురు నేర్పినారే?"

"బయపడాకు, తాతేం నిన్ను కొట్టడులే."

సాయంత్రానికి, టేపు వినిపించి ఆ కొస గొంతును ఎక్కించుకున్న ఆమె ఫోన్ పలికింది. "ఏమే, బాగుండావా? అన్నం తిన్న్యావా?"

ఆయన గొంతే. "ఆఁ, తిన్న్యా. నువ్వు?" అనేశాను.

అవతల ఏమీ లేదు. ఆయన నాలుగు మాటలకోసారి దగ్గేవాడు. ఇది దగ్గలేదు. ఇంకొకసారి వింటే నా చెవిలో ఉన్న గొంతు మీద ఇది ఎక్కేస్తుందనిపించింది. ఆయన గొంతును అన్నిసార్లు చెరిపినదాన్ని నేను.

"తీసెయ్యే."

"బాగలేదా అవ్వా?"

"శానా బాగుండాది. అందుకే తీసెయ్యమంటాండా."

నా ఎదురుగానే తీసేసింది. అయినా అన్నం ముందు కూర్చుంటే, నా బదులు కోసం ఎవరో కాచుకుని ఉన్నట్టే ఉండింది.

మరునాడు పొద్దున, మనవరాలు లేవకముందే, పిన్నీసుతో క్యాసెట్ అంచునున్న ఆ రెండు బిళ్లలూ విరిచాను. ఆ బిళ్లలను కాగితంలో పొట్లం కట్టి, పైన "బొమ్మకు ఇవి మాత్రం తీసుకో" అని రాసి ఆమె సంచిలో వేశాను.