ఎర్ర చుక్క చక్రం

మా యూనివర్సిటీ మైదానంలో పరుగుపందేలు మొదలుపెట్టడానికి రెండు చిన్న రివాల్వర్లు ఉండేవి. తూటాలుండవు, చప్పుడు మాత్రమే. ఒకటి కోచ్‌నైన నాది, ఒకటి మా సీనియర్ కోచ్‌ది. రెండూ ఒకే కంపెనీవి. అయినా మందు బిళ్లలు పెట్టే చక్రం ఏ తుపాకిది ఆ తుపాకికే. నా తుపాకిలో చక్రం తిప్పే కొక్కేన్ని నేనే ఆకురాయితో అరగదీసి, చక్రం సరిగ్గా ఆగేలా కుదుర్చుకున్నాను. గుర్తుకు చక్రం అంచున ఎర్ర నెయిల్ పాలిష్ చుక్క పెట్టుకున్నాను.

ఆ ఏడు అమ్మాయిల వందమీటర్ల హీట్స్‌లో, అంటే తొలి వడపోత పరుగుల్లో, నా తుపాకి పేలలేదు. సీనియర్ గారు మైకులోనే అన్నారు: "ఆడోళ్ల చేతిల తుపాకి గిట్లనే ఉంటది."

మైదానమంతా నవ్వింది. ఫైనల్ కోసం ఆయన బిళ్లలు పెట్టుకుంటుంటే చూశాను. ఆయన చక్రం మీద ఎర్ర చుక్క! తనది అరిగిపోతే నాది ఊడదీసి బిగించుకుని, ఆ అరిగినదాన్ని నా తుపాకిలో పెట్టాడు. చూడ్డానికి ఒకేలా ఉంటే చాలనుకున్నాడు.

"కానివ్వండి సార్" అన్నాను.

పెద్దలంతా షామియానా కింద చూస్తుండగా చెయ్యెత్తాడు. టిక్కు. మళ్లీ టిక్కు. వంగిన అమ్మాయిలు లేచి నిలబడ్డారు. నేనే వెళ్లి రెండు చెక్కలు ఫట్‌మని కొట్టి పందెం మొదలుపెట్టాను. సాయంత్రమే నా చక్రం నేను తీసేసుకున్నాను.

మర్నాడు తార్నాకలో చాయ్ బండి దగ్గర నన్ను పట్టుకున్నాడు. "మేడమ్, జర నా తుపాకి గూడ సెట్ చెయ్యరాదు?"

చాయ్ పూర్తిగా తాగి చెప్పాను: "వద్దు సార్. ఆడోళ్ల చెయ్యి పడితే గదిగూడ గిట్లనే అయితది."

ఇప్పటికీ ఆయన చెక్కలే కొడుతున్నాడు. ఆ చప్పుడు నాకు భలే ఇష్టం.