అరిచేవాళ్ళు, ఏడ్చేవాళ్ళు

మా అక్క భర్తకీ నాకూ మధ్య ఒక పోట్లాట ఉండేది. ఎనభైల్లో వచ్చిన ఇంగ్లీషు బ్యాండ్లలో అన్నిటికంటే గొప్పది ఏదని. తిరుత్తణి దగ్గర కే.జీ.కండిగైలో, చుట్టూ చెరుకూ వేరుశనగా పండించుకునే ఇళ్ళ మధ్య, ఇద్దరు మనుషులు ఇట్లాంటి విషయం మీద ఏళ్ళ తరబడి వాదించుకున్నారంటే ఎవరికీ నమ్మబుద్ధి కాదు. మా ఆయన ఇప్పటికీ నమ్మడు. మేమిద్దరం ఏవో పొలం సంగతులు మాట్లాడుకుంటూ ఉంటామనే ఆయన అనుకునేవాడు.

నాన్న చనిపోయిన ఏడాది ఇంట్లోవాళ్ళు నన్ను అక్క ఇంటికి పంపించారు. మా ఊరు ఊత్తుకోట వైపు. అక్కడ కాలేజీ లేదు, తిరుత్తణిలో ఉంది. అక్కకు అప్పటికి పెళ్ళయి ఎక్కువ కాలం కాలేదు. బావ అంబత్తూరులో ఒక ప్రెస్ షాపులో పనిచేసేవాడు. ఇనుప రేకుల్ని అచ్చుల మధ్య పెట్టి నొక్కే పెద్ద పెద్ద మిషన్లు అవి. బావ తెల్లారకముందే సైకిలు మీద తిరుత్తణి స్టేషనుకు వెళ్ళి రైలెక్కేవాడు, పొద్దుగూకాక తిరిగి వచ్చేవాడు. వచ్చిన కాసేపటి దాకా మాతో అరుస్తున్నట్టే మాట్లాడేవాడు. ఫ్యాక్టరీ సద్దు చెవుల్లోంచి దిగడానికి అంతసేపు పడుతుందని అక్క చెప్పేది.

ఆ ఫ్యాక్టరీలోనే పెరంబూరు నుంచి వచ్చే ఆంగ్లో ఇండియన్ ఫిట్టర్ ఒకాయన ఉండేవాడు. ఆయనే బావకు క్యాసెట్లు ఇచ్చాడు. ఒక సాయంత్రం బావ రెండు క్యాసెట్లు తెచ్చి మొదటిది టేప్ రికార్డర్లో పెట్టాడు. గిటార్లు, డ్రమ్ములు, గొంతు చించుకుని పాడే మనిషి. బావ గోడకు ఆనుకుని కూర్చుని తొడ మీద దరువు వేస్తున్నాడు. వంటింట్లోంచి అక్క కేకేసింది.

"ఏందయ్యా ఆ అరుపులు? పక్కింటోళ్ళ బర్రె బెదిరి కట్టు తెంచుకుంటాది."

రెండో క్యాసెట్టు సగం పాట దాకా విని తీసేశాడు.

"వీళ్ళేందో ఏడస్తా ఉండారు. డ్రమ్ము గూడా మనిషి కొట్టింది గాదు, మిషను. పగలంతా మిషను సద్దు ఇని వచ్చి ఇంట్లో గూడా అదేనా? నువ్వు తీసుకో అమ్మణ్ణీ."

నేను తీసుకున్నాను. బావ పనికి పోయాక, అక్క కలుపు తీయడానికి కయ్యకు వెళ్ళాక విన్నాను. కీబోర్డు మీద ఒకే నాలుగు స్వరాలు తిరుగుతున్నాయి. పాడే ఆయన ఎవరికీ వినపడకూడదన్నట్టు పాడుతున్నాడు. తమిళ మీడియంలో చదివినదాన్ని, నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా నాన్న పోయినప్పుడు రాని ఏడుపు ఆ రోజు వచ్చింది. అది బావకు చెప్పలేదు. సాయంత్రం ఆయన రాగానే, "బావా, నీ క్యాసెట్టు కంటే నాదే బాగుంది" అన్నాను. పోట్లాట అక్కడ మొదలైంది.

ఆ బ్యాండ్లకు పేర్లు పెట్టింది అక్క. బావవాళ్ళు అరిచేవాళ్ళు, నావాళ్ళు ఏడ్చేవాళ్ళు. తర్వాత ఆ ఫిట్టరు దగ్గర్నుంచి ఇంకా చాలా క్యాసెట్లు వచ్చాయి. వాటిలో ఏ బ్యాండు ఏ గుంపులోకి వస్తుందో అక్క వంట చేస్తూనే తీర్పు చెప్పేది. అసలు పేర్లు మాకు తెలియక కాదు, ఇంట్లో అవే నిలిచిపోయాయి. ఇక్కడ కూడా అవే రాస్తాను.

బావ వాదన ఎప్పుడూ ఒకటే. "కరెంటు పోయిందనుకో. నావాళ్ళు ఒక డ్రమ్మూ ఒక గిటారూ పెట్టుకోని పాడేస్తారు. మీవాళ్ళు ఏం జేస్తారు? మూటాముల్లే సర్దుకోని ఇంటికి పోవాల్సిందే."

"నీవాళ్ళ పాటలన్నీ ఒకటే బావా. ముందు మెల్లగా మొదలుపెడతారు, నడిమధ్య అరుస్తారు, తర్వాత గిటారు ఏడస్తాది. అప్పురం మళ్ళీ అరుస్తారు."

"గిటారన్నా ఏడస్తా ఉండాది గదా. మీదేమో ఫ్రిజ్జు మోగినట్టుంటాది."

ఇద్దరం ఒప్పుకున్న బ్యాండు ఒకే ఒక్కటి. ముగ్గురే మనుషులు, ఇంట్లోవాళ్ళకు ఇష్టంలేని పెళ్ళిలో వాయిస్తున్నట్టు ఎడమొహం పెడమొహంగా వాయిస్తారు. వాళ్ళకు మూడో స్థానం ఇచ్చాం. మొదటి రెండు స్థానాలు ఎప్పటికీ తేలలేదు. ఆ ఫిట్టరు కుటుంబంతో ఆస్ట్రేలియా వెళ్ళిపోయాడు. ఎవరిది గొప్పో ఆయన్ని అడగాలని బావ అనుకుంటూనే ఉన్నాడు. చిరునామా కూడా తీసుకోలేదు.

నాకు తిరువళ్ళూరులో ఉద్యోగం వచ్చింది, పెళ్ళీ అక్కడే అయింది. ఆఫీసులో టైపు, తర్వాత కంప్యూటరు, ఇల్లు, పిల్ల. నేను ఇట్లాంటి పాటలు వింటానని ఆఫీసులో ఎవరికీ తెలియదు. ఆదివారం రైలెక్కి తిరుత్తణిలో దిగితే బావ మోపెడ్డు వేసుకుని స్టేషను బయట ఉండేవాడు. నేను వెనక కూర్చునేలోపే మొదలుపెట్టేవాడు. "పోయిన వారం నువ్వు జెప్పింది తప్పు అమ్మణ్ణీ, నేను ఆలోచించినా."

మా అమ్మాయి పెద్దదయ్యాక ఫోనులో ఏదో వీడియో చూపించింది. ఎవరో తెల్లవాడు ఆ కాలపు బ్యాండ్లకు వరస పెట్టి మార్కులు వేస్తున్నాడు. బావవాళ్ళు పైన ఉన్నారు. నావాళ్ళు ఎక్కడో కిందకు పోతే గాని కనపడలేదు. బావ ఆ రోజు అన్నం తింటూ కూడా నవ్వుతూనే ఉన్నాడు. "లోకమంతా ఒప్పుకునింది. నువ్వొక్కదానివే మిగిలినావు" అన్నాడు. ఆయన రిటైరై వ్యవసాయంలోకి వచ్చిన కొత్త రోజులు అవి. పొద్దుటిపూట వేరుశనగ చేలో ఉండేవాడు, మధ్యాహ్నం ఫోనులో పాటలు. మా ఇద్దరికీ అవే మంచి రోజులని ఇప్పుడు అనిపిస్తుంది.

రెండేళ్ళ కిందట ఐప్పసి నెల వానలప్పుడు నేను కండిగై వెళ్ళాను. బావ వరండాలో ఫోను పట్టుకుని కోపంగా కూర్చుని ఉన్నాడు.

"చూసినావా వీళ్ళు చేసిన పని? పాత పాటల్ని కొత్తగా చేస్తామని చెప్పి జాల్రాలన్నీ తీసేసినారు."

డ్రమ్ముల పక్కన మోగే ఇత్తడి పళ్ళేల్ని బావ జాల్రాలు అనేవాడు.

"ఏ పాట బావా?"

"అన్నీ. ఏది పెట్టినా అంతే. డ్రమ్ము ఉండాది, జాల్రా లేదు. అవి లేకపోతే ఇది పాటేనా?"

ఫోను నా చేతికిచ్చాడు. అప్పటికే చివరిదాకా పెట్టి ఉంది సౌండు. పాట మొదలైంది. వాన చప్పుడులో కూడా ఇత్తడి ఝల్లుమని మోగుతూనే ఉంది, ఎప్పటిలాగే, ఒక్క దెబ్బ తప్పకుండా. నేను బావ మొహం చూశాను. నేను కూడా తిడతానని ఎదురుచూస్తున్నాడు.

అవును బావా, తీసేశారు అనెయ్యాలనుకున్నాను. నోరు రాలేదు. మేము ఎన్ని మాటలు అనుకున్నా పాటలో ఉన్నదాన్ని లేదని ఎప్పుడూ అనలేదు.

"ఉండాయి బావా" అన్నాను.

"యాడ?"

"ఇప్పుడు మోగతా ఉండాయి."

బావ ఫోను చెవికి ఆనించుకున్నాడు. ఈ చెవికి, ఆ చెవికి. పాట అయిపోయేదాకా అట్లాగే పట్టుకుని ఉన్నాడు. తర్వాత ఫోను జేబులో పెట్టుకుని, "వాన ఎక్కువగా ఉండాదిలే" అన్నాడు.

అక్క వంటింటి గుమ్మంలోనే ఉంది. కొన్నాళ్ళుగా తను పిలిస్తే బావ పలకడం లేదని, కావాలనే పలకడం లేదేమో అనుకుంటున్నానని ఆ రోజు నాకు చెప్పింది.

తిరువళ్ళూరులో చెవుల డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. పరీక్ష కోసం బావను ఒక చిన్న అద్దాల గదిలో కూర్చోబెట్టి చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టారు. సద్దు వినపడినప్పుడల్లా చేతిలోని బటన్ నొక్కమన్నారు. మొదట్లో నొక్కాడు. తర్వాత బయట కూర్చుని పరీక్ష చేస్తున్న అమ్మాయి మిషనులో సద్దు మారుస్తూనే ఉంది, బావ బొటనవేలు బటన్ మీద కదలకుండా ఉంది. ఆయన కళ్ళు మూసుకుని ఉన్నాడు. పాట వినేటప్పుడు కూడా అట్లాగే మూసుకునేవాడు.

డాక్టరు కాగితం చూసి, "ఎంగె వేలై పార్తీంగ?" అని అడిగాడు. ఎక్కడ పని చేశారని. బావకు వినపడలేదు. ప్రెస్ షాపు అని నేను చెప్పాను. చెవులకు ఏమన్నా అడ్డం పెట్టుకునేవారా అని అడిగాడు. ఆ మాట బావ చెవి దగ్గర వంగి గట్టిగా అడిగాను.

"దూది ఇచ్చినారు. పెట్టుకుంటే పక్కనోడు పిలిచింది ఇనపడదు. చెయ్యి మిషన్లో పడుతుందని ఎవురం పెట్టుకునే వాళ్ళం గాదు" అన్నాడు బావ.

పోయింది తిరిగి రాదని డాక్టరు నెమ్మదిగా చెప్పాడు. చెవికి మిషను పెట్టుకుంటే మాటలు కొంత తెలుస్తాయన్నాడు.

మిషను వచ్చిన రోజు మా ఇంట్లోనే బావకు ఆయన పాట పెట్టాను. అరిచేవాళ్ళది, నాకు ఎప్పుడూ నచ్చనిది. గిటారు మొదలవగానే బావ ఉలిక్కిపడ్డాడు. పాడే ఆయన గొంతు వచ్చేదాకా ఓర్చుకున్నాడు. తర్వాత మిషను తీసి బల్ల మీద పెట్టాడు.

"రేకులు కొడతా ఉండారు అమ్మణ్ణీ. మళ్ళీ షాపులోకి పోయినట్టుండాది."

"అలవాటు అవుతాది బావా."

ఆయన తల ఊపాడు. నేనన్నది వినపడిందో లేదో తెలియదు.

ఆ తర్వాత పాటలు పెట్టడం మానేశాడు. మాటల కోసం ఆ మిషను పెట్టుకునేవాడు, అదీ అక్క పోరితేనే. ఫోను చేస్తే అక్కే ఎత్తేది. నేను వారం వారం పోతున్నాను. వానలు, వేరుశనగ ధర, అక్క మోకాళ్ళు, ఇవే మాటలు. ఒక ఆదివారం ఇక ఉండబట్టలేక ఆయన ఎదురుగా కూర్చుని గట్టిగా అన్నాను.

"బావా, నీ అరిచేవాళ్ళల్లో ఆ డ్రమ్ము కొట్టేటోడికి ఏమీ రాదు. సుమ్మా చేతులూపుతాడు. మావాళ్ళ మిషనే నయం."

అంత మాట పాత రోజుల్లో అని ఉంటే రెండు వారాలు వదిలేవాడు కాదు. నేను ఎదురుచూశాను. అక్క కూడా బియ్యం చెరగడం ఆపి చూసింది.

బావ నవ్వాడు. "సరేలే అమ్మణ్ణీ. మీవాళ్ళే గొప్ప. ఒప్పుకునేసినా" అన్నాడు.

ఆ మాట ఆయన నోట వినాలని కాలేజీ రోజుల నుంచి కోరుకున్నాను.

"అట్లా అనొద్దు బావా. పోట్లాడు" అన్నాను.

"ఏం పెట్టుకోని పోట్లాడేది? నాకు గుర్తుండేది కరెక్టో కాదో నాకే తెలీడం లేదు. ఆ గిటారు యాడ మొదలవుతాదో మొన్న చేలో నిలబడి తలుచుకున్నా. రాలేదు. నువ్వు ఇనుకో. నీకు ఇనపడతా ఉండాది గదా" అన్నాడు.

లోపలికి వెళ్ళాక అక్క నా చెయ్యి పట్టుకుంది. "ఆ అరుపులు ఎప్పుడు ఆపుతాడా అని మొక్కుకున్నదాన్ని నేను. ఇప్పుడు ఇల్లు ఇల్లుగా లేదే" అంది. ఇద్దరం ఏడవలేదు. అక్క మళ్ళీ చేట తీసుకుంది.

తిరుగు రైల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని నా ఏడ్చేవాళ్ళను విన్నాను. మొదటి పాట సగంలోనే ఆపేశాను. ప్రతి చోటా బావ ఏమంటాడో నాకు ముందే తెలుసు, దానికి నేనేమనాలో తెలుసు. ఆ మాటలు లేకుండా వింటే పాట ఎక్కడో దూరంగా, వేరే ఎవరిదో అన్నట్టుంది. ఇప్పుడు నేను కూడా ఎక్కువ వినడం లేదు. నా పుట్టినరోజుకు మా అమ్మాయి మంచి స్పీకరు కొనిచ్చింది. దాని మీద దుమ్ము తుడుస్తుంటాను.

కిందటి నెల బావ నన్ను మోపెడ్డు మీద స్టేషనుకు తీసుకొచ్చాడు. తిరుత్తణి ఊరు దగ్గర పడ్డాక వెనక లారీ ఒకటి హారన్ కొట్టింది. బావ రోడ్డు మధ్యలోనే పోతున్నాడు. లారీ మళ్ళీ మళ్ళీ కొట్టింది. నేను భుజం తట్టాను, తర్వాత చొక్కా పట్టుకుని గుంజాను. అప్పుడు పక్కకు తిప్పాడు. లారీ మమ్మల్ని రాసుకున్నంత దగ్గరగా పోయింది. డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి తమిళంలో తిట్టాడు. వాడు ఏమన్నాడని బావ నన్ను అడగలేదు.

స్టేషను దగ్గర దిగాను. బావ బండి స్టాండు వేసి అట్లాగే దాని పక్కన నిలబడ్డాడు.

"ఇంక మీదట నువ్వు షేర్ ఆటోలో వచ్చెయ్ అమ్మణ్ణీ" అన్నాడు.

"సరే బావా" అన్నాను, ఆయనకు కనపడేట్టు తల ఊపుతూ.

అప్పటినుంచి షేర్ ఆటోలోనే పోతున్నాను. మోపెడ్డును అక్క ఎవరికో ఇచ్చేసింది.