బొంతల అవ్వ చెయ్యి

మా మనవరాలు కడపలో ఎవరి దగ్గరో జపాన్ వాళ్ల చేతివైద్యం నేర్చుకొని వచ్చింది. రేకీ అంటారంట. మందు లేదు, మంత్రం లేదు. నొప్పి ఉన్నచోట అరచేతులు ఆనించి నెమ్మదిగా కూర్చోవడమే. లోకమంతా నిండిన ప్రాణశక్తి ఆ చేతుల్లోంచి దిగుతుందని వాళ్ల నమ్మకం. జబ్బు చేస్తే డాక్టరు దగ్గరికి పోవాల్సిందే, ఇది దానికి తోడు మాత్రమేనని నేర్పినావిడ చెప్పిందంట. ఆ మాట నాకు నచ్చింది.

"పండుకో అవ్వా, మోకాళ్ల మీద పెడతా."

"మోకాళ్లు యాడికి పోతాయి గానీ, నెత్తిన పెట్టు" అన్నాను.

నెత్తినే ఎందుకో ఆ పిల్లకు తెలియదు.

నేను పుట్టి పెరిగింది జమ్మలమడుగులో. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తల్లో నాకు ఏడెనిమిదేళ్లు. మా పక్కింట్లో బొంతలు కుట్టే ముసలామె ఉండేది, సాయిబులామె. బొంతల అవ్వ అనేవాళ్లం. పిల్లలకు జడుపు జ్వరం వచ్చినా, కడుపు నొచ్చినా ఆమెకే కబురు. సూదిని బొంతకే గుచ్చి లేచి వచ్చేది. అరచేతులు రుద్ది వెచ్చజేసుకొని, ఒకటి నెత్తిన, ఒకటి కడుపు మీద పెట్టి కళ్లు మూసుకునేది. సూది పోట్లకు వేళ్ల కొనలు గరుకు. అరచెయ్యి మాత్రం అప్పుడే ఏకిన దూది.

ఆమెకొక కట్టుబాటు ఉండేది. చెయ్యి తీశాక "పోయొస్తా" అనదు. మనం "మళ్లీ రా" అనకూడదు, గడప దాకా సాగనంపకూడదు. అలా చేస్తే, పోయిన జబ్బు కూడా వెనక్కి వస్తుందంట.

ఇంట్లో ఆరుగురు పిల్లలం. మా అమ్మకు చేను, గొడ్లు, పొయ్యి. ఒకరి నెత్తిన చెయ్యి పెట్టుకొని కూర్చునే తీరిక ఆమెకెక్కడిది? అందుకే ఆ చెయ్యి కోసం, జ్వరం వస్తే బాగుండునని మొక్కుకున్నదాన్ని నేను. ఒకసారి మూడు రోజుల జ్వరం తగ్గి, అవ్వ లేచి పోతుంటే, చాపమీద నుంచి "మళ్లీ రా అవ్వా" అనేశాను.

మా నాయనను కన్న జేజి చేతిలో చేట జారింది. "నీ నోట్లో మన్ను పడ, ఏం మాటే అది?"

అవ్వ గడపలో నిలబడి నవ్వింది. "తిట్టొద్దులే అక్కా. అది జ్వరాన్ని పిలవలా, నన్ను పిలిచింది. వస్తాలే పాపా, ఊరికే వస్తా."

తెల్లారి నా ఒళ్లు మళ్లీ కాలింది. వారం రోజులు లేవలేదు. నా నోటి మాట వల్లనేనని జేజి ఊరంతా చెప్పింది. ఆ భయం నాలో మేకులా దిగింది.

పదహారో ఏట నన్ను పులివెందులకు ఇచ్చారు. బస్సెక్కే పొద్దున ఏడ్చి ఏడ్చి తల పగిలిపోతుంటే అవ్వ వచ్చింది. చానాసేపు నెత్తిన చెయ్యి పెట్టింది. నొప్పి దిగిపోయింది. అత్తగారింటికి పోయే పిల్ల అందరికీ "పోయొస్తా" చెప్పాలి. ఇరుగుపొరుగుకంతా చెప్పాను. ఆమె దగ్గరికి వచ్చేసరికి ఆ మాట ఆపుకున్నాను. నయం చేసిన చెయ్యి కదా, పోయొస్తా అంటే ఏ నొప్పి తిరగబెడుతుందో. ఊరికే ఆమె ముఖం చూసి బస్సెక్కాను. కిటికీలోంచి చూస్తే ఆమె ఇంకా అక్కడే ఉంది, ఏదో ఒక మాట రావాల్సి ఉన్నట్టు.

మొదటి కాన్పుకు పుట్టింటికి వస్తే పక్కింటికి తాళం. అవ్వ కొడుకుకు ప్రొద్దుటూరు పత్తి మిల్లులో పని దొరికితే, ఆమె కూడా పోయిందంట.

"అమ్మా, ప్రొద్దుటూరు పోదామా?"

"ఈ కడుపేసుకొనా? ముందు కాన్పు కానీ."

మూడు నెలల బిడ్డను ఎత్తుకొని పోయేసరికి ఆమె లేదు. వానలకు ముందే కన్ను మూసిందంట. కోడలు నాకు చాప వేసి, మంచినీళ్లిచ్చి, మెల్లగా అంది: "నీ మాటే ఎత్తుతాండె. పోయేటప్పుడు పోయొస్తానని నాకొక్కదానికే చెప్పలేదే ఆ పిల్ల, అంటాండె."

ఎందుకు చెప్పలేదో ఇంక ఎవరికి చెప్పేది?

మనవరాలి చేతులు నున్నగా ఉన్నాయి. ఆ గరుకు లేదు. వెచ్చదనం మాత్రం అదే. కళ్లు మూసుకుంటే కాసేపు జమ్మలమడుగు చాప మీదే ఉన్నాను.

"వెచ్చగుండాదా అవ్వా?"

"ఉండాది."

కాసేపటికి చేతులు తీసి లేచింది. నేనూ మోకాళ్లు పట్టుకొని లేచి, దాని వెనకే గడప దాకా పోయాను.

"మళ్లీ రా" అన్నాను.

"ఏంది అవ్వా, వంటింట్లోకే కదా పోతాండేది" అని నవ్వింది.

"యాడికన్నా పో. మళ్లీ రా."